అరిగిన బిట్‌ను చదవడం: గని యంత్రాల కటింగ్ బిట్ల తనిఖీ, మార్పు, సంరక్షణ

కొత్తగా వచ్చిన ఫిట్టర్లకు నేను మొదట అప్పగించే పని ఒకటే. షిఫ్టు చివర పాత బిట్లు పడేసే బకెట్‌ను నేల మీద బోర్లించి, ఒకేలా చచ్చిపోయిన బిట్లను ఒక కుప్పగా వేరుచేయమంటాను. అరగంటలో నాలుగైదు కుప్పలు తేలతాయి. చుట్టూ సమంగా అరిగి పొట్టిబడినవి ఒక కుప్ప. ఒక పక్కే చెక్కేసినట్టు చదునైనవి ఇంకో కుప్ప. మొన ఊడి గుంట మిగిలినవి, మొన విరిగి మోడు మిగిలినవి, మొన బాగానే ఉండి కింద ఉక్కు కరిగినట్టు పలచబడినవి వేరువేరుగా వస్తాయి. మొదటి కుప్ప పెద్దదైతే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. మిగతావి పెరుగుతుంటే యంత్రంలోనో, మన పనిలోనో ఏదో తప్పు జరుగుతోంది.

బిట్ మార్చడం ఒక్క షిఫ్టులో నేర్చుకోవచ్చు. అది ఎందుకు పోయిందో చెప్పగలగడానికి మాత్రం కన్ను అలవాటు పడాలి. కంటిన్యూయస్ మైనర్, షియరర్, రోడ్‌హెడర్, సర్ఫేస్ మైనర్ వంటి యంత్రాలు బిట్లు అమర్చిన డ్రమ్మునో తలనో తిప్పుతూ బొగ్గును, రాయిని కోస్తాయి. వాటి మీద ఎక్కువగా కనిపించే శంఖం ఆకారపు బిట్ల గురించి ఇక్కడ చెబుతున్నాను. ఉలిలా చదునుగా ఉండి, తిరగకుండా నిలిచే రేడియల్ బిట్లకు తిరుగుడు సంగతి తప్ప మిగతాదంతా వర్తిస్తుంది.

ముందు బిట్‌ను చేతిలోకి తీసుకోండి

కొత్త బిట్‌ను ఒకసారి అరచేతిలో పెట్టి చూడండి. చివర బూడిదరంగులో మెరిసే చిన్న మొన టంగ్‌స్టన్ కార్బైడ్. దాని కింద ఉక్కు ఒళ్లు, ఒంటి అడుగున అంచులా వెడల్పైన కాలర్, ఆ కింద హోల్డర్ (డ్రమ్ముకు వెల్డ్ చేసిన, బిట్‌ను పట్టే దిమ్మ) రంధ్రంలోకి దిగే షాంక్ ఉంటాయి. షాంక్‌ను పట్టి ఉంచేది రిటైనర్ స్లీవ్ లేదా క్లిప్.

కార్బైడ్ రేణువులను కోబాల్ట్ లోహం జిగురులా పట్టి ఉంచుతుంది. గని బిట్లలో కోబాల్ట్ సాధారణంగా 6 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. తక్కువైతే మొన గట్టిగా ఉంటుంది కానీ దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. ఎక్కువైతే దెబ్బ తట్టుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. అందుకే మెత్తని బొగ్గులో బాగా పనిచేసిన బిట్ ఇసుకరాయి పట్టీ తగలగానే చిట్లిపోతే, ఆ బిట్ నాసిరకమని వెంటనే అనేయకండి. అక్కడికి ఆ గ్రేడ్ సరిపోకపోయి ఉండొచ్చు.

మొనను ఒంటికి కలిపేది బ్రేజింగ్, అంటే వేడితో పోసిన లోహపు అతుకు. ఇసుకరాయిలోని క్వార్ట్జ్ ఉక్కును సులువుగా గీసేస్తుంది, కార్బైడ్‌ను అంత సులువుగా గీయలేదు. కోయాల్సింది కార్బైడ్, దాన్ని మోయాల్సింది ఉక్కు. ఉక్కే రాయిని కోయడం మొదలుపెడితే ఆ బిట్ పని అయిపోయినట్టే.

ఒక చిన్న లెక్క చూడండి. 1 మీటరు వ్యాసం ఉన్న డ్రమ్ము నిమిషానికి 50 చుట్లు తిరుగుతుంటే మొన సెకనుకు దాదాపు 2.6 మీటర్ల వేగంతో కదులుతుంది. చుట్టుకు ఒకసారి చొప్పున గంట కోతలో ఒక్కో బిట్ 3,000 సార్లు రాయిని కొడుతుంది. షిఫ్టు మొదట్లో చిన్నదిగా కనిపించిన పగులు షిఫ్టు చివరి దాకా చిన్నదిగా ఉండదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

మొదటి మెట్టు: యంత్రాన్ని నిజంగా ఆపండి

బిట్లు చూసేటప్పుడు మనిషి చేయి, తల డ్రమ్ము పక్కనే ఉంటాయి. కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

యంత్రాన్ని సపోర్టు వేసిన రూఫ్ (గని పైకప్పు) కిందికి వెనక్కి తీసుకురండి. డ్రమ్మును నేల మీదికో దిమ్మెల మీదికో దించి ఆనించండి, హైడ్రాలిక్ జాకుల మీద వేలాడదీసి పని చేయొద్దు. షియరర్ ఫేసు (కోత జరిగే బొగ్గు గోడ) వెంటే సాగుతుంది, దాన్ని వెనక్కి తేలేం కాబట్టి అక్కడ ఫేసును, రూఫ్‌ను గడ్డపారతో తట్టి చూసి, ఊగే పెళ్లలను దించాకే దగ్గరికి వెళ్లాలి. ఫేస్ కన్వేయర్‌ను కూడా లాక్ చేయాలి. బిట్ల మీద మనసు పెట్టి కన్వేయర్‌ను మరిచిపోవడం సులువు.

తర్వాత గాలిలో మీథేన్ గ్యాస్ ఎంత ఉందో చూడండి. విద్యుత్తు ఆపి, మీ తాళం మీరే వేసి, మీ పేరున్న ట్యాగు తగిలించి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు పడాలి. ఆ తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి, కదలిక లేదని కళ్లారా చూడండి. ఆపరేటర్ సీట్లో స్విచ్ ఆపేశాడు, అది చాలనుకోవడం లాకౌట్ (తాళం వేసి ఆపడం) కాదు.

డ్రమ్ము కింది వైపు బిట్లు అందాలంటే దాన్ని కొద్దిగా తిప్పాల్సి వస్తుంది. అప్పుడు అందరూ పక్కకు తప్పుకుని ఆపరేటర్‌కు కనిపించేలా నిలబడాలి. తిప్పాక మళ్లీ మొదటి నుంచి ఆపడం, తాళం, పరీక్ష. విసుగు అనిపిస్తుంది. కానీ డ్రమ్ము దగ్గర చేతులు పోయేది ఈ మధ్యలోని "ఒక్క క్షణం" పనుల్లోనే.

రెండో మెట్టు: కడగండి, తర్వాత తిప్పండి

బురద పట్టిన బిట్‌లో ఏమీ కనిపించదు. నీళ్ల పైపుతో డ్రమ్మును ఒక చివర నుంచి కడుగుతూ రండి. ఇప్పుడే కోత ఆగి బిట్లు కాలుతుంటే మాత్రం ఆగండి. వేడి కార్బైడ్ మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే సన్నని పగుళ్లు పడతాయి.

కడిగాక చేతి తొడుగు వేసుకుని ఒక్కో బిట్‌ను వేళ్లతో పట్టి తిప్పండి. నా దృష్టిలో మొత్తం తనిఖీలో విలువైన పని ఇదే. శంఖాకారపు బిట్‌ను డ్రమ్ము తిరిగే దిశకు కొద్దిగా పక్కకు వాల్చి అమరుస్తారు. రాయి తగిలినప్పుడు పక్క నుంచి వచ్చే తోపుడుకు బిట్ తన ఇరుసు మీద తాను తిరగాలని ఆ ఏర్పాటు. అలా తిరిగితేనే మొన చుట్టూ సమంగా అరిగి, అరుగుతూనే కోసుగా నిలుస్తుంది. తిరగడం ఆగితే ఒకే పక్క రాయికి తగులుతుంది. అక్కడ చదును పడుతుంది, చదును పడిన బిట్ ఇక తిరగదు. ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

కొన్ని రకాల స్లీవ్‌లు కాస్త బిగుతుగానే తిరుగుతాయి, అది తప్పు కాదు. చేత్తో ఎంత తిప్పినా కదలని బిట్ మీద సుద్దతో గుర్తు పెట్టండి. దాన్ని తీసి రంధ్రంలోకి చూడాలి.

ఒకప్పుడు నేను చూసిన ఒక డ్రమ్ము చివరన మూడు హోల్డర్లలో ప్రతి షిఫ్టుకూ బిట్లు పోయేవి. రెండు వారాలు మారుస్తూనే ఉన్నాం. పోయిన బిట్లన్నీ ఒక పక్కే చదునైనవి. చివరికి రంధ్రాలను కడిగి బ్రష్‌తో రుద్దితే లోపల నల్లటి పొర ఊడొచ్చింది, సిమెంటులా గట్టిపడి ఉంది. బిట్ సులువుగా దిగుతుందని ఎవరో గ్రీజు రాశారు. గ్రీజు దుమ్మును పట్టింది, దుమ్ము గట్టిపడింది, బిట్ బిగుసుకుపోయింది. రంధ్రాలు శుభ్రం చేసి గ్రీజు మానేశాక ఆ మూడూ పక్కవాటితో సమానంగా నిలిచాయి. తయారీదారు స్పష్టంగా రాయమంటే తప్ప షాంక్‌కు గ్రీజు వద్దు.

మూడో మెట్టు: అరుగుదల ఆకారాన్ని చదవండి

చుట్టూ సమంగా అరిగి, కార్బైడ్ ఇంకా ఒంటి కంటే ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. మిగిలిన పొడవును గేజ్‌తో చూసి ఉంచాలా మార్చాలా తేల్చండి.

ఒక పక్క చదును ఉంటే తిరగడం లేదని ఇప్పటికే చెప్పాను. కారణం మూడు చోట్ల వెతకాలి. రంధ్రంలో పేరుకున్న దుమ్ము మొదటిది, సాగిపోయిన స్లీవ్ రెండోది. మూడోది హోల్డర్ కోణం. గతంలో మళ్లీ వెల్డింగ్ చేసినప్పుడు వాలు తప్పి ఉంటే ఎన్ని బిట్లు మార్చినా ఆ ఒక్క స్థానంలో ఇదే జబ్బు తిరిగి వస్తుంది.

మొన లేకపోతే గుంటలోకి చూడండి. గుంట శుభ్రంగా ఉండి అతుకు లోహపు ఛాయ కనిపిస్తే బ్రేజింగ్ వదిలేసింది, అంటే తయారీ లోపమో విపరీతమైన వేడో. గుంటలో కార్బైడ్ మోడు పదునైన అంచులతో మిగిలితే దెబ్బకు విరిగింది. రూఫ్ బోల్టును (పైకప్పును పట్టి ఉంచే ఉక్కు కడ్డీని) కోసినా, గట్టి రాతిలోకి డ్రమ్మును ఒక్కసారిగా దూర్చినా, అరిగినవాటి మధ్య ఒక్క కొత్త బిట్ పొడుగ్గా నిలిచి భారమంతా తీసుకున్నా ఇలాగే విరుగుతుంది. ఈ చివరి కారణాన్ని చాలామంది పట్టించుకోరు. వరుస మొత్తం సగానికి అరిగి ఉంటే అందులో ఒక్కటే కొత్తది పెట్టకండి, వరుసంతా మార్చండి.

మొన మీద పాము పొలుసుల్లా సన్నని పగుళ్ల వల కనిపిస్తే అది వేడి చేసిన పని. కోతలో కాగడం, బయటికి రాగానే చల్లారడం, మళ్లీ కాగడం వల్ల పడుతుంది. నీళ్లు సరిగ్గా అందకపోయినా, బిట్ కోయకుండా రుద్దుతున్నా ఇలా జరుగుతుంది.

మొన నిండుగా ఉండి దాని మెడ దగ్గర ఉక్కు పలచబడితే కోతలోంచి జారే రాతిపొడి ఉక్కును తినేస్తోంది. కార్బైడ్ చూడటానికి కొత్తదిలా ఉంటుంది, అదే మోసం. కింద ఆధారం పోయాక మొన మొత్తంగా ఊడిపోతుంది. పొడి ఎక్కువగా పుట్టే చోట ఒళ్లు లావుగా ఉన్న బిట్లో, మెడ మీద గట్టి లోహపు పూత ఉన్నవో వాడితే మేలు.

డ్రమ్ము అంచుల్లోని బిట్లు మధ్యవాటికంటే ముందే అరుగుతాయి. మూలలో రాయి మూడువైపులా బిగిసి ఉంటుంది, పెళ్లలా ఊడిపడటానికి చోటుండదు. కాబట్టి తనిఖీ ఎప్పుడూ అంచుల నుంచి మొదలుపెట్టండి. సమయం తక్కువగా ఉన్న రోజున కనీసం అవైనా చూసినట్టవుతుంది.

ఎప్పుడు మార్చాలి?

పొడవు ఎంత తగ్గితే మార్చాలో తయారీదారు చెబుతాడు. ఆ కొలతకు సరిపడేలా ఒక రేకు గేజ్ కోసి పెట్టుకుంటే కంటి అంచనాతో పని లేదు. దానికి మించిన నియమం ఒకటుంది: ఉక్కు ఒళ్లు రాయికి తగలక ముందే బిట్ మారాలి.

ఇది బిట్ ఖర్చుకు సంబంధించిన మాట కాదు, ప్రాణాలకు సంబంధించింది. మొన పోయిన బిట్ ఇసుకరాయినో పైరైట్ పట్టీనో రుద్దితే ఆ ఒరిపిడికి రాయి మీద బిట్ వెనకాల ఎర్రగా కాలిన చార పడుతుంది. ఆ చారలో వేడి క్వార్ట్జ్ కరిగేంత, అంటే 1,700 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరగలదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే మండే మిశ్రమం. గ్యాలరీ (గని సొరంగం) గాలిలో గ్యాస్ తక్కువే చూపించవచ్చు. కానీ అప్పుడే కోసిన ఫేసు నుంచి వెలువడే గ్యాస్ డ్రమ్ము వెనక ఇరుకులో చేరుతుంది, మీటరు ఉన్నది అక్కడ కాదు. కాలిన చార, చేరిన గ్యాస్ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బొగ్గు గనుల్లో కోత యంత్రాల దగ్గర రేగే మంటల్లో చాలావాటి మూలం ఈ ఒరిపిడే.

రెండోది దుమ్ము. పదునైన బిట్ రాయిని పెళ్లలుగా ఊడగొడుతుంది, మొద్దు బిట్ నలిపి పొడి చేస్తుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నని క్వార్ట్జ్ పొడి సిలికోసిస్ తెస్తుంది, అది వచ్చాక పోయే జబ్బు కాదు. "ఇంకో షిఫ్టు లాగిద్దాం" అన్నప్పుడు ఆ పొడి పీల్చేది ఆపరేటర్, రూఫ్ బోల్టింగ్ చేసేవాళ్లు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

తనిఖీకి ఎదురుచూడకుండానే కొన్ని గుర్తులు తెలుస్తాయి. మోటారు ఆంపియర్లు మామూలుకంటే పైకి పోవడం, యంత్రం వణుకు పెరగడం, ముక్కల్లో పెళ్లలు తగ్గి పొడి పెరగడం, నిప్పురవ్వలు. రవ్వలు కనిపిస్తే అక్కడికక్కడే కోత ఆపి చూడాలి.

నాలుగో మెట్టు: తీయడం, పెట్టడం

కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. కార్బైడ్‌ను ఉక్కు సుత్తితో ఎప్పుడూ కొట్టొద్దు. గాజులా చిట్లి, చిన్న ముక్క బుల్లెట్‌లా కంట్లోకి వస్తుంది. రాగి లేదా ఇత్తడి సుత్తి వాడండి.

కాలర్ కిందికి పుల్లర్ కొమ్ములు దూర్చి పాత బిట్‌ను బయటికి లాగాలి. హోల్డర్ వెనక తెరిచి ఉండే రకమైతే షాంక్‌ను వెనక నుంచి తట్టి తీయొచ్చు. గ్యాస్ కటింగ్‌తో కోసి తీద్దామన్న ఆలోచన ఫేసు దగ్గర అసలు రాకూడదు.

బిట్ బయటికి వచ్చాక రంధ్రాన్ని కడిగి, బ్రష్‌తో రుద్ది, టార్చి వేసి చూడండి. కొత్త బిట్ షాంక్ తుడిచి, స్లీవ్ సరిగా కూర్చుందో చూసి లోపలికి దించండి. మెత్తని సుత్తితో తేలిగ్గా తట్టితే కాలర్ హోల్డర్ ముఖానికి చుట్టూ ఆనాలి. తర్వాత లాగి చూడండి, ఊడి రాకూడదు. తిప్పి చూడండి, తిరగాలి. ఈ రెండూ అయ్యాకే పక్క బిట్‌కు వెళ్లండి.

ఖాళీ హోల్డర్‌తో యంత్రాన్ని నడపకూడదు. బిట్ లేని చోట రాయి హోల్డర్‌నే తినేస్తుంది, పక్క బిట్ మీద భారం పెరుగుతుంది. అరగంట ఖాళీగా నడిపినందుకు ఒక హోల్డర్ కోసి కొత్తది వెల్డ్ చేయాల్సి వస్తుంది.

ఒక పక్క చదునైన పాత బిట్‌ను తీసి ఇంకో చోట వాడదామనుకోకండి. చదును పడ్డాక అది ఎక్కడ పెట్టినా తిరగదు.

హోల్డర్, నీళ్లు

హోల్డర్‌లో మూడు చూడండి. రంధ్రం నోరు గంటలా వెడల్పైందా? కొత్త బిట్‌ను పెట్టి ఊపితే తెలిసిపోతుంది. కాలర్ ఆనే ముఖం ఒక వైపు అరిగిందా? అరిగితే బిట్ వాలి నిలబడి షాంక్ మీద వంపు పడుతుంది, షాంక్ విరిగిపోయిన బిట్లు తరచుగా ఇలాంటి చోటనే దొరుకుతాయి. వెల్డు వెంట పగులుందా? స్లీవ్ మార్చితే పోయేది మార్చండి. హోల్డర్‌నే మార్చాల్సి వస్తే డ్రమ్మును వర్క్‌షాపుకు పంపి, కోణం నిలిపే జిగ్‌తో, ముందు వేడి చేసి, తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో వెల్డ్ చేయించాలి. కంటి అంచనాతో పెట్టిన హోల్డర్ ఆ డ్రమ్ము బతికున్నంతకాలం బిట్లను మింగుతుంది.

నీటి నాజిళ్లను బిట్లతో పాటే చూడాలి. వేడి చార పడేది బిట్ వెనకాల కాబట్టి దాన్ని ఆర్పడానికి నీళ్లు కూడా అక్కడే పడాలి. నీళ్లు విప్పి, ఒక్కో నాజిల్ చిమ్మే తీరు చూడండి. విసనకర్రలానో గొడుగులానో, దాని రకానికి తగ్గట్టు విచ్చుకోవాలి. సన్నని దారంలా వస్తే సగం మూసుకుంది, చారలా కారితే చిమ్ముడు అరిగిపోయింది. పంపు దగ్గర మీటరు బాగా చూపిస్తోందన్న మాట నమ్మకండి, ఒత్తిడి చూడాల్సింది డ్రమ్ము దగ్గర. నాజిల్‌ను మేకుతో పొడిస్తే రంధ్రం చెడుతుంది, విప్పి మార్చండి, ఫిల్టర్ కడగండి.

డ్రమ్ము పటం

డ్రమ్మును విప్పి పరిచినట్టు కాగితం మీద గీసి, ప్రతి స్థానానికి అంకె ఇవ్వండి. బిట్ మార్చిన ప్రతిసారీ ఆ అంకె ఎదురుగా తేదీ, షిఫ్టు, అరుగుదల రకం ఒక్క అక్షరంతో రాస్తే చాలు: స అంటే సమం, చ అంటే చదును, ఊ అంటే ఊడింది, వి అంటే విరిగింది. నెల తిరిగేసరికి ఏ హోల్డర్ బిట్లను తింటోందో పటం మీద చుక్కలే చూపిస్తాయి. కొత్త కంపెనీ బిట్‌ను పరీక్షించాలన్నా ఇదే దారి. డ్రమ్ము ఒక చివర పాతవి, ఇంకో చివర కొత్తవి పెట్టి పోల్చితే సరికాదు, రెండు చివరలూ ఒకే రాయిని కోయవు. ఒకటి విడిచి ఒకటిగా పెట్టండి.

ఆపరేటర్ చేతిని కూడా ఈ పటంతో కలిపి చూడాలి. ఒక షియరర్ నిమిషానికి 6 మీటర్లు సాగుతూ, డ్రమ్ము 50 చుట్లు తిరుగుతూ, ఒక్కో గాడిలో (ఒకే దారిలో కోసే వరుసలో) 3 బిట్లు ఉంటే ఒక్కో బిట్ 40 మిల్లీమీటర్ల లోతు కోస్తుంది. బిట్లు మొద్దుబారి మోటారు మూలుగుతుంటే ఆపరేటర్ వేగాన్ని నిమిషానికి 1.5 మీటర్లకు తగ్గిస్తాడు. అప్పుడు లోతు 10 మిల్లీమీటర్లే. బిట్ కోయడం తగ్గి రుద్దడం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా మొద్దుబారుతుంది, దుమ్ము రేగుతుంది. వేగం తగ్గించాల్సి వస్తోందని ఆపరేటర్ చెప్పిన రోజున బిట్లు చూడండి. ఆయన మాటే మీకు అందే మొదటి నివేదిక.

కొత్త బిట్లు పెట్టాక మొదటి కోత పూర్తి కాగానే యంత్రాన్ని మళ్లీ అదే పద్ధతిలో ఆపి, మొనలను దగ్గరగా చూడండి. చుట్టూ ఉంగరంలా సన్నని గీతలు తిరిగి ఉంటే బిట్ తిరుగుతోంది. గీతలన్నీ ఒకే పక్క పైనుంచి కిందికి దిగి ఉంటే ఆ హోల్డర్ మీద ఇప్పుడే సుద్ద గుర్తు పెట్టండి.